ముందూ వెనకా లేని వచనం



పురుషోత్తమ చౌదరి గారిని తలుచుకునే సభలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది నాకు దక్కిన గౌరవం. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన ఆ మహానుభావుడు బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రీస్తు దగ్గరికి వచ్చాడు. సువార్త చెబుతూ ఊళ్ళు తిరిగాడు. తెలుగు సంఘానికి పాడుకోవడానికి సొంత పాట ఇచ్చాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచినవాళ్ళకు ఆయన పేరు తగలకుండా ఉండదు. అక్షరం రాని అవ్వలు సైతం ఆయన కీర్తనలను పుస్తకం చూడకుండా పాడతారు. కీర్తనలో పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది. అయితే చరణాలు వదిలేసి పల్లవి ఒక్కటే పాడి కూర్చుంటే ఆ పాట ఏ బాధలోంచి పుట్టిందో, ఎవరిని పిలుస్తోందో తెలియదు. చరణం నడిచాక తిరిగొచ్చే పల్లవికే బరువు. మనం ఈ రోజుల్లో బైబిలును చరణాలు లేకుండా పాడుతున్నాం. ఆ సంగతి మాట్లాడడానికే వచ్చాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందూ వెనకా తీసేసిన వచనంలోకి మన కోరిక వచ్చి కూర్చుంటుంది. దాని ఖరీదు కట్టేవాళ్ళు మాత్రం సంఘంలో అందరికన్నా బలహీనులు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, అత్తింట్లో దెబ్బలు తినే ఆడపిల్ల, మందులు మానేసిన రోగి. కాబట్టి పండితుల గొడవ మనకెందుకని తోసిపుచ్చే విషయం కాదిది.

వచనాలు నేను చదివి వినిపించను. మీలో చాలామందికి అవి కంఠతా వచ్చు. సారం నా మాటల్లో చెబుతాను, రెఫరెన్సు చెబుతాను. ఇంటికి వెళ్ళాక మీరే తీసి చూసుకోండి.

1

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఎలా జరుగుతుందో మీకు తెలిసిందే. పన్నెండు కొట్టగానే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటాం. ఆ తరువాత వాగ్దాన కార్డుల పళ్ళెం వస్తుంది. కళ్ళు మూసుకుని ప్రార్థించి ఒక కార్డు తీస్తాం. అరచేతిలో ఇమిడే కార్డు. వెనకాల కొండల మీద సూర్యోదయమో గులాబీలో, మధ్యలో రంగు అక్షరాల్లో వచనం, అడుగున పాస్టరు గారి దంపతుల ఫోటో, ఫోను నంబరు. తెల్లారేసరికి అది బీరువా అద్దం మీదికి ఎక్కుతుంది. ఈ ఏడు నాకు ఫలానా వాగ్దానం వచ్చిందని బంధువులకు ఫోన్లు చేసుకుంటాం. అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద తల్లి ఇక్కడ ఒక కార్డు తీసి వాట్సాప్‌లో పంపిస్తుంది.

ఆ పళ్ళెంలో తరచుగా ఉండే వచనం యిర్మీయా 29:11. మీ గురించి నా ఆలోచనలు నాకు తెలుసు, అవి మీ మేలు కోసమే, మీకు రేపటి మీద ఆశ కలిగించడానికే అని దేవుడు చెప్పిన మాట. ఇంతకన్నా తీయని మాట ఏముంటుంది? కానీ ఈ మాట ఒక ఉత్తరంలోది. ఆ ఉత్తరానికి ముందు ఒక తగాదా నడిచింది.

క్రీస్తు పూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము మీద పడి రాజైన యెకొన్యాను, అతని తల్లిని, అధికారులను, చేతిపనివారిని, కమ్మరులను బబులోనుకు చెరపట్టుకుపోయాడు. దేవాలయపు పాత్రలు కూడా పట్టుకుపోయాడు. వాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారన్నది మిగిలినవాళ్ళ గుండెల్లో ప్రశ్న. గిబియోనువాడైన హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో యాజకుల ఎదుట, జనమందరి ఎదుట లేచి రెండేళ్ళలో అందరూ వచ్చేస్తారు, పాత్రలూ వచ్చేస్తాయి అని ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. జనం ఎంత సంబరపడి ఉంటారో ఆలోచించండి. ఇదంతా 28వ అధ్యాయంలో ఉంది. అబద్ధాన్ని నమ్మించావని యిర్మీయా అతనితో చెప్పాడు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు.

ఇప్పుడు 29వ అధ్యాయం. యెకొన్యా తరువాతి యూదా రాజు బబులోనుకు పంపుతున్న మనుషుల చేతికి యిర్మీయా ఒక ఉత్తరం ఇచ్చాడు. అందులో ఏముంది? ఇళ్ళు కట్టుకోండి. తోటలు వేసుకుని వాటి పండ్లు తినండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, పిల్లల్ని కనండి, వాళ్ళకూ పెళ్ళిళ్ళు చేయండి. మిమ్మల్ని చెరగా తీసుకుపోయిన ఆ పట్నం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి. మీ మధ్య ఉన్న ప్రవక్తల మాటలకు మోసపోకండి. బబులోనుకు డెబ్బై ఏళ్ళు నిండాకే మిమ్మల్ని తిరిగి తీసుకొస్తాను. ఇది పదో వచనం. దాని వెంటనే, దాన్ని ఆనుకుని, మన కార్డు మీది పదకొండో వచనం.

లెక్క వేసుకోండి. ఆ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ళవాడు తిరుగు ప్రయాణం కళ్ళజూడడు. అతని మనవడు చూడవచ్చు. ఈలోగా, 587 ప్రాంతంలో, యెరూషలేము దేవాలయమే కాలిపోయింది. పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నది 539లో. మేలు జరిగింది, మాట నిలిచింది. అయితే ఉత్తరం అందుకున్నవాళ్ళలో చాలామంది అప్పటికే బబులోను మట్టిలో కలిసిపోయారు.

మన కార్డు మీద అచ్చయింది యిర్మీయా మాట. దానికి మనం తగిలించుకున్న గడువు హనన్యాది. హనన్యా రెండేళ్ళన్నాడు, మనం పన్నెండు నెలలంటున్నాం. ఈ ఏడాదిలో ఉద్యోగం, ఈ ఏడాదిలో వీసా, ఈ ఏడాదిలో సంతానం. ఎలాంటి ప్రవక్తలను ఖండించడానికి యిర్మీయా ఆ ఉత్తరం రాశాడో, వాళ్ళ సందేశాన్నే ఆ ఉత్తరంలోంచి తీసిన ముక్కతో చెప్పుకుంటున్నాం.

కొడుకు పోయిన ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాను. బీరువా అద్దం మీద ఆ ఏటి కార్డు ఇంకా ఉంది, ఇదే వచనం. ఆ తల్లి దాన్ని చూపించి, "నా విశ్వాసంలో ఏం లోపముంది మాస్టారూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఓదార్పు మాటలు లేవు. బైబిలు తీసుకుని ఇద్దరం కలిసి 29వ అధ్యాయం మొదటి నుంచి చదివాం. డెబ్బై ఏళ్ళ దగ్గర ఆవిడ ఆగి వేలితో లెక్క పెట్టుకుంది. "అయితే వాళ్ళలో కూడా చూడకుండానే పోయినవాళ్ళున్నారన్నమాట. వాళ్ళను దేవుడు వదిలేయలేదు కదా" అంది. వాళ్ళను వదిలేయలేదు. అధ్యాయమంతా చదివినప్పుడే ఆవిడకు ఆ మాట దొరికింది. కార్డు మాత్రం ఆమె మీద నింద మోపింది.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. చెరపట్టిన పట్నం క్షేమం కోరమన్న ఏడో వచనం ఏ కార్డు మీదా నేను చూడలేదు. పాలమూరు నుంచి ముంబైకి కూలికి పోయినవాళ్ళకు, డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్నవాళ్ళకు ఆ వచనంతో ఎంతో పని ఉంది. పరాయి ఊళ్ళో ఎలా బతకాలో చెప్పే అధ్యాయమది.

2

వచనాలు ఇలా విడివిడి ముక్కలుగా మన చేతికి ఎప్పుడు వచ్చాయి? యిర్మీయా గానీ పౌలు గానీ అంకెలు వేసి రాయలేదు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో వచ్చింది. తరువాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన స్టీఫెన్ లాంగ్టన్ పారిస్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో చేసిన పని అంటారు. కొత్త నిబంధనకు వచనాల అంకెలు వేసింది రాబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో జెనీవాలో. 1560లో వచ్చిన జెనీవా బైబిలు ప్రతి వచనాన్నీ కొత్త పంక్తిలో మొదలుపెట్టి అచ్చేసింది. వెతుక్కోవడానికి ఎంతో సౌకర్యం, కాదనను. ఈ ఉపన్యాసంలో నేనూ ఆ అంకెల మీదే ఆధారపడుతున్నాను. కానీ అంకె అనేది చిరునామా. చిరునామాను చూసి ఇంట్లో ఎవరున్నారో చెప్పలేం.

1718లో బొగాట్స్కీ అనే జర్మన్ భక్తుడు రోజుకొక వచనంతో ఒక ధననిధి పుస్తకం వేశాడు. హెర్న్‌హూట్ మొరేవియన్లు 1728 నుంచి ఏ రోజుకారోజు ఒక వచనం ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టి 1731 నుంచి దాన్ని ఏటా అచ్చు వేస్తున్నారు. వాళ్ళు దినమంతా వాక్యంలో మునిగినవాళ్ళు. ఆ ఒక్క వచనం వాళ్ళకు చదివినదాన్ని గుర్తు చేసేది. మనలో చాలామందికి ఇవాళ అదే మొత్తం చదువైపోయింది. తేడా అక్కడుంది.

పరీక్షలప్పుడు మన పిల్లల ఫోన్ల మీద కనిపించే ఫిలిప్పీయులకు 4:13 తీసుకోండి. తనకు బలమిచ్చేవాడి వల్ల అన్నీ చేయగలనని పౌలు అంటాడు. ఆయన బంధకాల్లో ఉండి రాస్తున్నాడు. పైన 11, 12 వచనాల్లో ఆ "అన్నీ" ఏమిటో తానే చెప్పాడు. కడుపు నిండినా ఆకలిగా ఉన్నా, కలిగి ఉన్నా లేకపోయినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని. ర్యాంకు రావడానికి ఈ వచనం పట్టుకున్న పిల్లవాడికి, ర్యాంకు రానినాడు అదే వచనం ఎంత ఆసరా కాగలదో ఎవరూ చెప్పరు.

3

బైబిలులోనే ఒక చోట వచనాన్ని ముందూ వెనకా లేకుండా ఎత్తి చూపించినవాడున్నాడు. మత్తయి నాలుగో అధ్యాయం. సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమంటాడు, 91వ కీర్తనలో రాసి ఉంది కదా, దూతలు నిన్ను చేతుల మీద ఎత్తుకుంటారు అంటాడు. రెఫరెన్సు సరైనదే, కీర్తన నిజమైనదే. ఇక్కడ మీరు కొంచెం నెమ్మదిగా చూడాలి. కీర్తనలో, నీ మార్గాలన్నిటిలో కాపాడడానికి అన్న మాట ఉంది. మత్తయి రాసిన చోట సాతాను ఆ మాటను వదిలేశాడు. ఆ మాట ఉంటే, శిఖరం మీది నుంచి దూకడం నా మార్గమా అనే ప్రశ్న పుడుతుంది. ఆపైన, సాతాను 12వ వచనం దగ్గర ఆగిపోయాడు. 13వ వచనంలో భక్తుడు సింహాన్నీ సర్పాన్నీ అణగదొక్కుతాడని ఉంది. అక్కడిదాకా చదవడం అతనికి ఇష్టం ఉండదు.

యేసు జవాబు చూడండి. మూడు శోధనలకూ మూడు జవాబులు, మూడూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల నుంచే. అవి నలభై ఏళ్ళు అరణ్యంలో తిరిగిన జనానికి మోషే చెప్పిన మాటలు. యేసు నలభై దినాలు అరణ్యంలో ఆకలితో ఉండి ఆ మాటలే తీశాడు. ప్రభువును శోధించవద్దన్న 6:16లో మస్సా పేరు ఉంది. అది నీళ్ళు లేక జనం, దేవుడు మన మధ్య ఉన్నాడా లేడా అని దేవుణ్ణి పరీక్షకు పెట్టిన చోటు. ఆ కథంతా మనసులో ఉన్నవాడు ఇచ్చిన జవాబు ఇది. సాతాను ఒక వచనం పట్టుకొచ్చాడు, యేసు ఆ వచనం పుట్టిన చరిత్ర నుంచి మాట్లాడాడు.

కాపరి అయ్యగార్లారా, మనం ప్రసంగపీఠం మీద ఎవరి పద్ధతిలో నిలబడుతున్నామో మనమే చూసుకోవాలి.

4

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే భాగానికి వస్తాను. ఇంతవరకూ చెప్పిన వాటిలో మనం వాగ్దానాలను మనకోసం కత్తిరించుకున్నాం. ఆజ్ఞలను కత్తిరించినప్పుడు అవి ఇంకొకళ్ళ మీద పడతాయి.

1807లో లండనులో ఒక పుస్తకం అచ్చయింది. వెస్టిండీస్ దీవుల్లో బ్రిటిషువారి తోటల్లో పనిచేసే నల్లజాతి బానిసల కోసం ఎంపిక చేసిన బైబిలు భాగాలు. పాత నిబంధనలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు, కొత్త నిబంధనలో సగం తీసేశారు. ఆదికాండం 45వ అధ్యాయం నుంచి నిర్గమకాండం 19వ అధ్యాయానికి ఒక్క గంతు. మధ్యలో ఏముంది? ఇటుకలు చేసే బానిసల మూలుగు దేవుడు వినడం, మోషే ఫరో ముందు నిలబడడం, ఎర్ర సముద్రం. అదంతా లేదు. క్రీస్తులో దాసుడని స్వతంత్రుడని భేదం లేదన్న గలతీయులకు 3:28 లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీయులకు 6:5 మాత్రం భద్రంగా ఉంది. బ్రిటిషు పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది కూడా ఆ 1807లోనే. ఆ పుస్తకంలో అచ్చయిన వచనాలు బైబిలులోవే, కల్పించి రాసినవి కావు. తీసేసిన పేజీల వల్ల అది వేరే పుస్తకం అయిపోయింది.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో చార్లెస్ కాల్కాక్ జోన్స్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి 1833లో బానిసల కూటంలో ఫిలేమోను పత్రిక మీద ప్రసంగించాడు. దాసులు పారిపోవడం తప్పు అన్నది సారాంశం. వింటున్నవాళ్ళలో సగం మంది లేచి వెళ్ళిపోయారని, అలాంటి పత్రికే బైబిలులో లేదని కొందరు అన్నారని ఆయనే రాసుకున్నాడు. వాళ్ళలో ఎక్కువమందికి చదవడం నేర్పనివ్వలేదు. అయినా పౌలు ఉద్దేశానికి ఆ పాదిరి కన్నా వాళ్ళే దగ్గరగా ఉన్నారు. 16వ వచనంలో పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిమును ఇకపై దాసుడిగా కాక ప్రియమైన సహోదరుడిగా చేర్చుకోమంటాడు. అతని బాకీ ఏమన్నా ఉంటే తన లెక్కలో రాసుకోమంటాడు.

హొవార్డ్ థర్మన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1936లో బార్డోలీలో గాంధీజీని కలిసిన నల్లజాతి క్రైస్తవ వేదాంతి. ఆయన అమ్మమ్మ బానిసగా పుట్టింది. మనవడు బైబిలు చదివి వినిపిస్తుంటే పౌలు పత్రికలు మాత్రం వద్దనేది, ఎప్పుడైనా ప్రేమను గురించిన కొరింథీయుల అధ్యాయం ఒక్కటి తప్ప. కారణం, ఆమె యజమాని తెచ్చే పాదిరి దాసులు లోబడాలన్న వాక్యమే చెప్పేవాడు. స్వతంత్రం వస్తే ఆ భాగం చదవనని ఆమె ఆ రోజుల్లోనే ఒట్టు పెట్టుకుంది. థర్మన్ దీన్ని 1949లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. కత్తిరించి చదివినవాళ్ళు ఒక మనిషికి పౌలునే దూరం చేశారు.

దూరదేశాల కథలెందుకంటారేమో. మన పెళ్ళిళ్ళకు రండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం చదవని క్రైస్తవ వివాహం అరుదు. భార్య భర్తకు లోబడాలన్న 22వ వచనం దగ్గర పాస్టరు గారి గొంతు పెరుగుతుంది, పెళ్ళికూతురు వైపు చూస్తారు. భార్యలకు చెప్పింది 22 నుంచి 24 వరకు, మూడు వచనాలు. భర్తలకు చెప్పింది 25 నుంచి దాదాపు అధ్యాయం చివరిదాకా. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు ప్రేమించాలని, సొంత శరీరాన్ని పోషించుకున్నట్టు చూసుకోవాలని. ఈ రెండిటికీ ముందు, 21వ వచనంలో, ఒకరికొకరు లోబడమని అందరికీ చెప్పిన మాట ఉంది. చాలా చోట్ల చదవడం 22 నుంచి మొదలవుతుంది. ఆ ఒక్క వచనం వదిలినందుకు ఎంతమంది ఆడపిల్లలు దెబ్బలు తిని, పుట్టింటికి వస్తే, వాక్యం ప్రకారం లోబడి ఉండమ్మా అనిపించుకుని తిరిగి వెళ్ళారో ఈ సభలో ఉన్న అమ్మగార్లకు తెలుసు. పెద్దల మధ్య పంచాయితీల్లో ఈ వచనం వాడేవాళ్ళను, దాని ముందు వచనమూ తరువాతి వచనాలూ చదివించి అప్పుడు మాట్లాడమని నేను కోరుతున్నాను.

5

స్వస్థత సభల సంగతి. ఆయన పొందిన గాయాల చేత మనకు స్వస్థత అన్న యెషయా 53:5 మన స్వస్థత పోస్టర్ల మీద విరివిగా కనిపిస్తుంది. పేతురు తన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో ఈ మాట ఎత్తాడు. ఎవరితో చెబుతున్నాడు? తప్పు చేయకుండానే దెబ్బలు తింటున్న ఇంటి పనివాళ్ళతో. మీరు దారి తప్పిన గొర్రెల్లా ఉండి ఇప్పుడు కాపరి దగ్గరికి వచ్చారంటాడు. అక్కడ స్వస్థత అంటే తిరిగి రావడం. శరీర స్వస్థతతో దీనికి సంబంధమే లేదని నేననను. దాని పై వచనాన్ని, 53:4ను, మత్తయి ఎనిమిదో అధ్యాయంలో యేసు రోగులను బాగుచేసిన సందర్భంలో ఎత్తాడు. దేవుడు రోగులను బాగుచేస్తాడని నమ్మేవాళ్ళలో నేనూ ఉన్నాను, రోగుల కోసం ప్రార్థిస్తాను కూడా.

కానీ ఆ వచనాన్ని పట్టుకుని, మాత్ర మింగితే విశ్వాసం లేనట్టే అని చెప్పడం బైబిలులో ఎక్కడా లేదు. పౌలు తిమోతికి, తరచూ వచ్చే నలత కోసం, కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చానని రాశాడు. హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది ఆ యెషయానే, 38వ అధ్యాయంలో. లూకా వైద్యుడు. నూనె రాసి ప్రార్థించమన్న యాకోబు వైద్యం మానమనలేదు.

మన తెలుగు సంఘం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ ప్రార్థించే చేత్తోనే ఆసుపత్రి కట్టింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని కట్టింది మిషన్లే. అలాంటి సంఘంలో ఇవాళ షుగరు సూదులు మానేసినవాళ్ళు, టీబీ మందులు మధ్యలో ఆపినవాళ్ళు, ఫిట్స్ మాత్రలు సభలో పారేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మందుకు లొంగకుండా ముదిరిపోవచ్చు, ఇంట్లో పసిపిల్లలకు అంటుకోవచ్చు. ఒక వచనాన్ని కత్తిరించినందుకు ఇంత నష్టం. మందు మానమని చెప్పే బోధకుడు ఎంత పేరున్నవాడైనా, ఎంత పెద్ద మైదానంలో సభ పెట్టినా, ఆ మాట వినకండి. అది తప్పు బోధ.

6

ఇప్పుడు మీలో కొందరి మనసులో మెదులుతున్న ప్రశ్న నాకు అర్థమవుతోంది. మత్తయి కూడా అలా చేయలేదా? ఐగుప్తు నుంచి నా కుమారుణ్ణి పిలిచాను అన్న హోషేయ 11:1ని తీసుకుని శిశువైన యేసుకు అన్వయించాడు కదా. హోషేయ చెప్పింది ఇశ్రాయేలు విడుదల గురించే. నిజమే, గట్టి ప్రశ్న. కానీ మత్తయి ఒక ముక్క తీసుకుని పోలేదు. ఐగుప్తు, నీళ్ళలోంచి రావడం, అరణ్యంలో నలభై, ఆపైన కొండ ఎక్కి ధర్మం బోధించడం, ఆ వరసంతా పెట్టి ఇశ్రాయేలు కథను యేసు జీవితంలో మళ్ళీ నడిపించాడు. హోషేయ మాట వెనకున్న కథ మొత్తం ఆయనకు కావాలి. అందుకే ఆ ఒక్క వచనం ఎత్తాడు.

ఇంకో ప్రశ్న భక్తి గలవాళ్ళది. అగస్టీను మాటేమిటి? 386లో మిలాను తోటలో చేతికందిన పుస్తకం తెరిచి రోమీయులకు 13వ అధ్యాయంలో రెండు వచనాలు చదివి మారిపోయాడు. అవును. అప్పటికే ఆయన పౌలును లోతుగా చదువుతున్నాడు, ఎన్నాళ్ళనుంచో ఆ పోరాటంలో ఉన్నాడు. పైగా ఆ వచనాలు ఆయనకు ఏదీ ఇస్తామనలేదు, భోగాలు వదిలేయమన్నాయి. ఆ అగస్టీనే తరువాత ఒక ఉత్తరంలో, లోకవ్యవహారాల కోసం సువార్తల పేజీలు తీసి సోదె చూసుకోవడం తనకు ఇష్టం లేదని రాశాడు. 506లో ఆగ్ద్ నగరంలో కూడిన సభ ఈ ఆచారాన్ని నిషేధించింది. అంటే ఈ అలవాటు పాతదే, దాని మీద సంఘం హెచ్చరికా పాతదే.

కష్టంలో ఉన్నప్పుడు ఒక్క వచనం మనిషిని నిలబెడుతుంది. దాన్ని నేను కాదనను. మంచం మీద ఉన్నవాళ్ళకు అధ్యాయాలు చదివే ఓపిక ఉండదు. వాళ్ళ చెవిలో ఒక్క వచనమే చెప్పాలి. చెప్పే మనిషికి మాత్రం ఆ అధ్యాయం తెలిసి ఉండాలి. తెలిసినవాడు చేయలేని వాగ్దానం చేయడు.

7

చివరిగా కొన్ని విన్నపాలు. వాగ్దాన కార్డులు మానేయమని నేను అడగను. మన అవ్వలు, అమ్మలు వాటిని ప్రేమతో దాచుకుంటారు. కార్డులు అచ్చు వేయించే సంఘాలు వచనం కింద ఒక్క పంక్తి చేర్చండి, ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో ఉండగా అన్నారో. పాస్టరు గారి ఫోటో కొంచెం చిన్నది చేస్తే ఆ పంక్తికి చోటు సరిపోతుంది.

సండే స్కూలు టీచర్లు కంఠత వాక్యం నేర్పేటప్పుడు దాని కథను కూడా చెప్పండి. పిల్లలకు కథ ముందు గుర్తుంటుంది, వచనం దాని వెంట వస్తుంది. పెళ్ళి చేసే కాపరులు ఎఫెసీయులకు ఐదో అధ్యాయాన్ని 21వ వచనం నుంచి చదవండి, పెళ్ళికొడుకు వైపు చూసి చదవాల్సింది ఎక్కువ ఉంది. బల్ల దగ్గర కూర్చునే విశ్వాసులు ప్రసంగం అయ్యాక పాస్టరు గారిని, అయ్యగారూ ఈ వచనానికి పైన ఏముందండీ అని అడగండి. మంచి కాపరి ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

వచ్చే డిసెంబరు 31 రాత్రి, కార్డుల పళ్ళెం తిప్పడానికి ముందు, మీ సంఘంలో యిర్మీయా 29వ అధ్యాయం ఒకటి నుంచి 14వ వచనం వరకు గట్టిగా చదివించండి. అయిదు నిమిషాలు కూడా పట్టదు. డెబ్బై ఏళ్ళ వచనాన్ని వదలకుండా చదివించండి. ఆ రాత్రి మీ మధ్య కూర్చుని ఉండే వితంతువు, ఉద్యోగం లేని యువకుడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ ఉత్తరాన్ని పూర్తిగా వినాలి. వాళ్ళ పక్షాన మిమ్మల్ని అడుగుతున్నాను.